సైన్స్ ఫిక్షన్ రీమేక్ ఒరిజినల్‌ని దాటగలదా? ‘ద థింగ్’ 1951దా, 1982దా?

తెల్లతెర:
నిన్న రాత్రి 1951 నాటి ‘ద థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్’ మళ్ళీ చూశాను. రీమేకుల మాట వస్తే చాలు, అందరూ జాన్ కార్పెంటర్ 1982లో తీసిన ‘ద థింగ్’ని చూపించి "రీమేక్ అంటే ఇదీ" అంటారు. నేను ఒప్పుకోను. పాతదాంట్లో ఒక సీన్ ఉంది. ఉత్తర ధ్రువం దగ్గర మంచు అడుగున ఏదో నల్లగా కనిపిస్తుంది. అదెంత పెద్దదో, ఏ ఆకారమో తెలియదు. సైనికులు, సైంటిస్టులు దాని అంచు వెంబడి చేతులు చాచి తలా ఒకచోట నిలబడతారు. అప్పుడు చూసుకుంటే అందరూ గుండ్రంగా ఉన్నారు! కింద ఉన్నది ఎగిరే పళ్ళెం. ఒక్క గ్రాఫిక్ లేదు, మనుషులు నిలబడ్డారంతే, నాకు ఒళ్ళు జలదరించింది. 1982 దాంట్లో నెత్తురు, పేగులు తప్ప ఇలాంటిది ఒక్కటి చూపించండి. రీమేక్ ఎప్పుడూ ఒరిజినల్ పేరు మీద బతికేదే.

మూడో ఆట:
మీదే కరెక్టండి. 1987 ‘రోబోకాప్’లో పోలీసు మర్ఫీని రౌడీలు నవ్వుకుంటూ కాల్చి కాల్చి చంపుతారు. ఆ నొప్పి చూశాం కాబట్టే తర్వాత ఆ ఇనప తొడుగులో ఉన్నది మనిషని మర్చిపోలేం. 2014 రీమేక్‌లో ఆ సీన్ తీసేసి కారు బాంబు పెట్టారు. సూట్ నల్లగా, స్టైల్‌గా ఉంది. సినిమా గుర్తు లేదు.

మంచుదారి:
తెల్లతెర గారూ, ఆ గుండ్రం సీన్ కార్పెంటర్‌కి కూడా ప్రాణమే. 1982 సినిమాలో నార్వే శిబిరంలో దొరికిన టేపు వేసి చూస్తారు కదా, అందులో మంచు మీద మనుషులు అలాగే చుట్టూ పరుచుకుని నిలబడి ఉంటారు. ఆయన 1978 ‘హాలోవీన్’లో పిల్లలు టీవీలో చూసేది కూడా మీ 1951 సినిమానే. అంత ఇష్టం ఉండి కూడా మక్కీకి మక్కీ దింపలేదు, అదే నేను మెచ్చుకునేది.

అసలు ఇక్కడ ఒరిజినల్ ఏది? రెండు సినిమాలకీ మూలం జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్ 1938లో రాసిన ‘హూ గోస్ దేర్?’ అనే కథ. జరిగేది అంటార్కిటికాలో. ఆ జీవి ఎవరిని పట్టుకుంటే అచ్చం వాళ్ళలా మారిపోతుంది, పక్కన కూర్చున్నవాడు మనిషో కాదో తెలియదు. కథకి గుండెకాయ ఆ భయమే. 1951లో దాన్ని పూర్తిగా వదిలేశారు. జేమ్స్ ఆర్నెస్ వేసిన ఆ పొడుగాటి శాల్తీ మొక్క జాతిది, నెత్తురు తాగుతుంది, కరెంటుతో చంపుతారు. ప్రమాదమంతా తలుపు అవతలే. ఇవతల ఉన్నవాళ్ళు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుకుంటూ చివరిదాకా కలిసే ఉంటారు, ఒక్క సైంటిస్టు డాక్టర్ కారింగ్టన్ తప్ప.

ఇక మీరడిగిన సీన్. 1982 దాంట్లో అనుమానం ముదిరి, హీరో మెక్‌రెడీ అందర్నీ కట్టేసి కూర్చోబెడతాడు. ఒక్కొక్కరి రక్తం గాజు పళ్ళేల్లో తీసి, రాగి తీగ కాల్చి ముంచుతాడు. ఆ జీవి రక్తమైతే వేడికి తప్పించుకోబోతుంది, మనిషిదైతే తీగ చుయ్‌మంటుంది, అంతే. మళ్ళీ కాల్చడం, మళ్ళీ చుయ్. సంగీతం కూడా ఉండదు. ఆ రక్తం ఒక్కసారి ఎగిరిపడే క్షణం గురించి అందరూ చెబుతారు. నన్ను పట్టుకున్నది దానికి ముందు క్షణం. కాసేపటి కింద మెక్‌రెడీ తన శిబిరంలోవాడే అయిన క్లార్క్‌ని కాల్చి చంపాడు. ఇప్పుడు ఆ శవం రక్తంలో తీగ పెడితే ఏమీ కాదు. క్లార్క్ మామూలు మనిషే. అక్కడ కళేబరం, పేగులు ఏవీ లేవు. వేడి తీగ పరీక్ష క్యాంప్‌బెల్ కథలోదే, 1951 వాళ్ళు వద్దనుకున్నది. మూలానికి దగ్గరగా ఉన్నది రీమేకే.

విడుదలైనప్పుడు దీన్ని విమర్శకులు చీల్చి చెండాడారు. 1982 జూన్ 25న వచ్చింది, రెండు వారాల ముందే వచ్చిన ‘ఈ.టీ.’ మత్తులో జనం ఉన్నారు.

రాత్రి డ్యూటీ:
‘ద ఫ్లై’ని మర్చిపోకండి. 1958 దాంట్లో సైంటిస్టుకి ఒక్క దెబ్బకి ఈగ తల, ఈగ చెయ్యి వచ్చేస్తాయి. 1986లో డేవిడ్ క్రోనెన్‌బర్గ్ దాన్ని రోగంలా తీశాడు. ఈగ జన్యువులు కలిసిపోయి మనిషి రోజురోజుకీ కొంచెం కొంచెంగా మారతాడు. ఊడిన పళ్ళు మందుల అలమరాలో దాచుకుంటాడు. నేను ఆ సినిమా చూసిన ఏడాదే మా తాతయ్య క్యాన్సర్‌తో మంచాన ఉన్నాడు. ఊడిన పన్నుని కాగితంలో చుట్టి దిండు కింద పెట్టుకునేవాడు, పారేస్తానంటే ఇచ్చేవాడు కాదు. మేకప్‌కి ఆస్కార్ వచ్చిందని అందరూ చెబుతారు గానీ, నాకు అది మా ఇంట్లో మంచం పక్కన కూర్చున్న సినిమా.

తెల్లతెర:
క్లార్క్ సంగతి నిజంగా గమనించలేదు, మళ్ళీ చూస్తాను. ‘ఫ్లై’ విషయంలో ఇంక వాదించను. కానీ మంచుదారి గారూ, 1951లో మనుషుల్లా మారిపోయే జీవిని చూపించే టెక్నాలజీ ఎక్కడుంది? చేతకాక వదిలేసినదాన్ని తప్పని ఎలా అంటాం?

మంచుదారి:
టెక్నాలజీ అక్కర్లేదండి. ఐదేళ్ళకే, 1956లో, డాన్ సీగల్ ‘ఇన్వేజన్ ఆఫ్ ద బాడీ స్నాచర్స్’ తీశాడు. అందులో విల్మా అనే ఆమె డాక్టర్‌తో "ఈయన మా బాబాయి కాదు" అంటుంది. మొహం అదే, మెడ మీద మచ్చ అదే, పాత జ్ఞాపకాలన్నీ ఉన్నాయి, కళ్ళలో ఆ ఆప్యాయత మాత్రం లేదంటుంది. బాబాయి ఇంటి ముందు గడ్డి కోసుకుంటూ ఉంటాడు. డాక్టర్ వెళ్ళి పలకరిస్తాడు, ఆయన చక్కగా బదులిస్తాడు. మనకి కూడా ఏ తేడా కనపడదు.