ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలంలో ఈఎస్‌బీఎల్ ఈ.కోలై: సర్వేకి ప్లేట్లు ఎలా వేయాలి?

మైక్రో_పీజీ (ప్రశ్న)
ఈఎస్‌బీఎల్ అంటే సెఫోటాక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లని విరిచేసే ఎంజైమ్. అది ఉన్న ఈ.కోలై (పేగు బ్యాక్టీరియా) ఎంతమందిలో ఉందో చూడాలి. థీసిస్ కోసం రెండు ఊళ్లలో 60 ఇళ్లు. ఇంటికి ఇద్దరి మలం, ఆ ఇంటి తాగునీరు తీసుకోవాలని ప్లాన్. మామూలు మెకాంకీ (పేగు బ్యాక్టీరియా పెంచే అగర్) మీద వేసి, నాలుగు గులాబీ కాలనీలు తీసి సెన్సిటివిటీ (ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష) పెడతాను. గత మూణ్ణెల్లలో యాంటీబయాటిక్ వాడినవాళ్లలోనే ఎక్కువగా ఉంటుందని చూపించాలి. ఇది నిలబడుతుందా? పాజిటివ్ వచ్చినవాళ్లకి ఏం చెప్తారని ఎథిక్స్ కమిటీ కూడా అడిగింది.

ప్లేట్‌రీడర్
నాలుగు కాలనీల పద్ధతి వదిలేయండి. మలంలోని ఈ.కోలైలో ఈఎస్‌బీఎల్‌ది ఒక్క శాతమే అనుకోండి, నాలుగు తీస్తే నూటికి 96 సార్లు మీ చేతికి చిక్కదు. మెకాంకీలో సెఫోటాక్సిమ్ కలపాలి, లీటరుకి 4 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకి 4 మి.గ్రా. ఉండే స్టాక్ చేసుకుంటే, లీటరు అగర్‌కి 1 మి.లీ. సరిపోతుంది. ఆటోక్లేవ్ అయ్యాక అగర్ 45–50 డిగ్రీలకి దిగాకే పోయాలి. తొందరపడి వేడిమీద పోస్తే మందు చచ్చిపోతుంది, అప్పుడు ఊరంతా పాజిటివే. ప్లేట్లు ఫ్రిజ్‌లో చీకట్లో పెట్టి వారంలోపే వాడేయండి.

ప్రతి బ్యాచ్‌కీ ఏటీసీసీ 25922 (మందుకి లొంగే ఈ.కోలై) గీయండి, అది పెరగకూడదు. పాజిటివ్‌కి తెలిసిన సీటీఎక్స్-ఎం-15 (ఒక రకం ఈఎస్‌బీఎల్) స్ట్రెయిన్ ఉంచుకోండి. ఏటీసీసీ 700603 క్లెబ్సియెల్లా (ఈఎస్‌బీఎల్ ఉన్న మరో బ్యాక్టీరియా) డిస్క్ పరీక్షకే మంచిది. సెఫోటాక్సిమ్ మీద దానికంత బలం లేదు, ఈ ప్లేటు మీద సరిగ్గా రాకపోతే మీడియా చెడిపోయిందని కంగారుపడతారు.

1 గ్రాము మలం 9 మి.లీ. సెలైన్‌లో కలిపి, పదింతలు చొప్పున పల్చన చేస్తూ పోండి. ప్రతిసారీ 100 మైక్రోలీటర్లు మందు ఉన్న ప్లేటు మీదా, మందు లేని ప్లేటు మీదా వేయండి. 30 నుంచి 300 కాలనీలున్న ప్లేటే లెక్కకి తీసుకోండి. 18–24 గంటల్లో చదివేయాలి. చిక్కగా వేసినా, రెండో రోజుకి వదిలేసినా, పెద్ద కాలనీ నుంచి వచ్చే ఎంజైమ్ దాని చుట్టూ ఉన్న మందుని కొరికేస్తుంది. ఆ ఖాళీలో సూదిమొన లాంటి చిన్న కాలనీలు మొలుస్తాయి. అవి నిజమైన పాజిటివ్‌లు కావు.

ల్యాబుకి రెండు గంటల్లో చేరకపోతే క్యారీ-బ్లెయిర్‌లో (నమూనా పాడవకుండా మోసుకొచ్చే మీడియా) పెట్టి చల్లగా తీసుకురండి.

నీటిల్యాబ్
నీళ్ల సంగతి. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లు ఖాళీ సీసాలో పడితే ల్యాబుకి వచ్చేలోపు బ్యాక్టీరియా చచ్చిపోయి, 'సురక్షితం' అని రాసేస్తాం. 120 మి.లీ. సీసాలో క్లోరిన్‌ని ఆపేందుకు 3 శాతం సోడియం థయోసల్ఫేట్ 0.1 మి.లీ. ముందే వేసి ఆటోక్లేవ్ చేయండి. సీసా కడగకూడదు, అంచుదాకా నింపకూడదు. ఐస్‌లో పెట్టి ఆరు గంటల్లోపు 100 మి.లీ. నీటిని 0.45 మైక్రాన్ మెంబ్రేన్‌లో వడకట్టి, అదే మోతాదు సెఫోటాక్సిమ్ ఉన్న టీబీఎక్స్ (ఈ.కోలైని రంగుతో చూపే అగర్) మీద 44 డిగ్రీల్లో పెట్టండి. నీలి-ఆకుపచ్చవి ఈ.కోలై.

కుళాయి ఒక్కటీ చాలదు, ఊళ్లో నిలిచిన మురుగు కూడా తీయండి. 2011లో అచ్చయిన ఢిల్లీ అధ్యయనంలో ఎన్‌డీఎం-1 (ఇంకా బలమైన యాంటీబయాటిక్‌లనీ విరిచే ఎంజైమ్) జన్యువు కుళాయి నీళ్లలో 50కి 2 నమూనాల్లోనే దొరికింది, వీధి గుంటల నీళ్లలో 171కి 51లో. ఇంకో మాట: రెండో ఊరు పటాన్‌చెరు వైపు పెట్టుకోకండి. అక్కడ మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకి 31 మి.గ్రా. దాకా సిప్రోఫ్లాక్ససిన్ కొలిచారు, 2007లో అచ్చయింది. ఆ ఊరికీ మామూలు ఊరికీ పోలికే ఉండదు.

కమ్యూనిటీ_మెడిసిన్
మీ ప్రశ్నలోనే చిక్కుంది. మన దగ్గర యాంటీబయాటిక్ ముట్టనివాళ్లలోనూ ఇది బాగా కనిపిస్తుంది, కాబట్టి 'ఉందా లేదా' అని పోలిస్తే తేడా కనపడకపోవచ్చు. నెదర్లాండ్స్ ప్రయాణికుల మీద జరిగిన ఓ అధ్యయనంలో, దక్షిణాసియా వచ్చి వెళ్లినవాళ్లలోనే నూటికి 75 మంది కొత్తగా అంటించుకుని వెళ్లారు. అందుకే పైన చెప్పిన రెండు ప్లేట్ల లెక్క వాడండి: మొత్తం ఈ.కోలైలో ఈఎస్‌బీఎల్ వాటా ఎంత? మందు పడ్డాక పెరిగేది ఆ వాటా. ఒకే ఇంటివాళ్లిద్దరినీ వేర్వేరు మనుషులుగా లెక్కేయకండి, ఇంటిని క్లస్టర్‌గా (ఒకే గుంపుగా) తీసుకోండి. ఆ అధ్యయనంలోనే ఇంట్లో మరొకరికి అంటుకునే అవకాశం 12 శాతమని లెక్కకట్టారు.

పాజిటివ్ అయినవాళ్లకి మందు ఇవ్వకండి. పేగులోని దీన్ని మందుతో వదిలించే ప్రయత్నం మామూలుగా చేయొద్దనే 2019 యూరప్ మార్గదర్శకాల మాట. ఆ అధ్యయనంలో అంటించుకున్న ప్రయాణికులందరిలో సగం మందికి నెలలోపే దానంతటదే పోయింది, 11 శాతం మందిలో ఏడాదైనా ఉంది. మనకి మళ్లీ మళ్లీ అంటుకునే అవకాశం ఎక్కువ గనుక ఆ నెల లెక్క ఇక్కడ చెప్పకండి. కాగితం మీద రాసివ్వాల్సింది ఇదీ: మూత్రంలో మంటొచ్చి డాక్టర్ దగ్గరికెళ్తే కల్చర్ అడగండి, మలద్వారం గుండా ప్రొస్టేట్ బయాప్సీ ఉంటే ఈ రిపోర్టు ముందే చూపించండి. లక్షణాల్లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా మాత్రమే కనిపిస్తే, గర్భిణులకీ యూరాలజీ ఆపరేషన్ ముందున్నవాళ్లకీ తప్ప మందు అక్కర్లేదు.

మైక్రో_పీజీ
ధన్యవాదాలండీ. సెఫోటాక్సిమ్ 30, సెఫోటాక్సిమ్-క్లావులనేట్ (ఈఎస్‌బీఎల్‌ని ఆపేది) 30/10 డిస్కుల చుట్టూ పెరగని వలయాల మధ్య 5 మి.మీ. తేడా రాకపోతే నెగెటివ్ అని రాసేయొచ్చా?

ప్లేట్‌రీడర్
వెంటనే వద్దు. అదే కాలనీ సెఫాక్సిటిన్ అనే మందుకి కూడా లొంగకపోతే, క్లావులనేట్‌కి ఆగని ఆంప్‌సీ అనే మరో ఎంజైమ్ అడ్డుపడి ఈఎస్‌బీఎల్‌ని దాచేస్తూ ఉండొచ్చు. సెఫిపిమ్, సెఫిపిమ్-క్లావులనేట్ జతతో మళ్లీ పెట్టండి. క్లావులనేట్ డిస్కులకి తేమ పడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి.