ఇసార్ లోయలో సైకిల్ వనభోజనం: తేదీ మార్పు, దారి, పనుల పంపకం

దారి బాధ్యత చూస్తున్న సభ్యుడి నుంచి

అందరికీ నమస్కారం. ఈ ఏడాది మన సంఘం వనభోజనాన్ని మ్యూనిక్ పార్కులో కాకుండా, జర్మనీలోని బవేరియాలో ఇసార్ నది వెంట సైకిళ్ల మీద వెళ్లి చేద్దామని ఉగాది నాటి సమావేశంలో అనుకున్నాం. జూన్ రెండో శనివారం బయలుదేరి, వాల్‌గావ్ ఊరు దాటాక నది మధ్యనున్న గులకరాళ్ల తిన్నె మీద విస్తళ్లు వేద్దామన్నది అప్పటి ఆలోచన. పోయిన వారం నేను ఆ దారంతా ఒకసారి తొక్కి వచ్చాను. చూసి వచ్చిన తర్వాత రెండు విషయాలు మార్చి తీరాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. భోజనాలు ఆ తిన్నెల మీద పెట్టకూడదు, తేదీని సెప్టెంబరుకు జరపాలి.

ముందు దారి సంగతి చెబుతాను. మ్యూనిక్ నుంచి రైల్లో వెళ్లి మిట్టెన్‌వాల్డ్ స్టేషన్‌లో దిగితే ఎదురుగా కార్వెండెల్ కొండలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, మనం చేరాల్సిన లెంగ్‌గ్రీస్ 700 మీటర్లకు లోపే ఉంది కనుక మొత్తం మీద నదితో పాటు దిగడమే. మధ్యలో చిన్న చిన్న ఎత్తులు తగులుతాయి గానీ, అలవాటు లేనివాళ్లు దిగి నడిపించుకున్నా ఇబ్బంది లేదు. క్ర్యూన్, వాల్‌గావ్, ఫోర్డర్‌రిస్, ఫాల్, సిల్వెన్‌స్టైన్ ఆనకట్ట మీదుగా లెంగ్‌గ్రీస్‌కు సుమారు 50 కిలోమీటర్లు.

ఈ దారిలో అసలైన అందం వాల్‌గావ్‌కూ ఫోర్డర్‌రిస్‌కూ మధ్య ఉంది. అక్కడ ఇసార్ ఒకే పాయగా పారదు. తెల్లటి సున్నపురాతి గులకరాళ్ల మధ్య పాయలు పాయలుగా విడిపోయి, ప్రతి వరదకూ దారి మార్చుకుంటూ వెళుతుంది. చూడడానికి ఎవరూ ముట్టని నదిలా ఉంటుంది కానీ, 1924లో వాల్హెన్‌సే జలవిద్యుత్ కేంద్రం కోసం క్ర్యూన్ దగ్గర అడ్డుకట్ట వేసి నీటిని మళ్లించారు. దశాబ్దాల పాటు అక్కడి నుంచి కిందికి నది చాలా రోజులు ఎండిపోయే ఉండేది. 1990 నుంచి మాత్రమే ఏడాది పొడుగునా కొంత నీరు తప్పకుండా వదులుతున్నారు. ఈ మాట రాయడానికి కారణం ఉంది. అంత కష్టపడి తిరిగి బతికించుకున్న నదిలోకి మనం యాభై మందిమి కుర్చీలు, కూలర్ పెట్టెలు మోసుకుంటూ దిగబోతున్నాం.

అక్కడ ఒకచోట ఫోటో కోసం సైకిల్ ఆపి, రాళ్ల మీదికి నాలుగడుగులు వేశాను. బొటనవేలంత కాళ్లున్న చిన్న పిట్ట ఒకటి నా ముందుకు వచ్చి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పక్కకు పరుగెత్తింది. అది దెబ్బ తిన్న పిట్ట కాదని, గుడ్ల దగ్గరి నుంచి నన్ను దూరంగా మళ్లించడానికి అలా చేస్తోందని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. వెంటనే వెనక్కి వచ్చేశాను. ఈ పిట్టలు గూడు కట్టవు. రాళ్ల మధ్య అరచేతిలో పట్టేంత గుంట చేసుకుని అందులోనే గుడ్లు పెడతాయి. గుడ్ల మీది మచ్చలు అచ్చం గులకరాళ్లలాగే ఉంటాయి కనుక కాలి కింద పడేదాకా మనకు కనబడవు. వసంతం నుంచి ఆగస్టు దాకా తిన్నెల మీదికి రావద్దని అక్కడ బోర్డులు కూడా పెట్టారు. అదే ఒడ్డున తోక ఆడించుకుంటూ తిరిగే కామన్ శాండ్‌పైపర్ జాతి పిట్టలు చలికాలంలో మన కృష్ణా, గోదావరి ఒడ్లకూ వస్తాయి. చిన్నప్పుడు ఊళ్లో చూసిన పిట్టను ఇక్కడ తొక్కి వెళ్లడం నాకు మనస్కరించడం లేదు.

తేదీగా సెప్టెంబరు 5, శనివారాన్ని ప్రతిపాదిస్తున్నాను.

భోజన ఏర్పాట్ల నుంచి

తమ్ముడూ, నువ్వు రాసింది చదివాక జూన్ వద్దన్న మాటకు నేను ఒప్పుకుంటున్నాను. అయితే సెప్టెంబరు విషయంలో ఒక చిక్కుంది. వినాయక చవితి ఈసారి 14వ తేదీన వస్తోంది కనుక ముందు శని, ఆదివారాలు మా వంట బృందమంతా మండపం పనిలో ఉంటుంది. 5వ తేదీ అయితే మాకు వీలవుతుంది, ఆ తర్వాత మాత్రం జరపవద్దు.

తిన్నె మీద కాకపోతే భోజనం ఎక్కడ పెట్టాలన్నది తేల్చాలి. అడవిలోనూ, అడవికి 100 మీటర్ల లోపునా అనుమతి లేకుండా నిప్పు వెలిగించడం బవేరియా చట్టం ప్రకారం కుదరదు కనుక గ్యాస్ పొయ్యి తెద్దామన్న పాత ఆలోచనను నేనే వెనక్కి తీసుకుంటున్నాను. తెల్లవారుజామున వండిన పులిహోర సాయంత్రం దాకా చెడదు. దద్దోజనాన్ని ఐసు పెట్టిన పెట్టెల్లో తెస్తాం. ఆవకాయ అన్నం ముద్దలు చేసి తెమ్మని పిల్లలు ఇప్పటికే అడుగుతున్నారు. సామాను కారులో వస్తుంది. వాల్‌గావ్ నుంచి ఫోర్డర్‌రిస్ వెళ్లే రోడ్డుకు కార్లు టోల్ కట్టాలి, సైకిళ్లకు లేదు. ఆ ఖర్చు భోజనం పద్దులో రాయండి.

నా సూచన ఏమిటంటే, వాల్‌గావ్ ఊరి కార్యాలయానికి ముందుగా ఉత్తరం రాసి, చెట్ల నీడ, మరుగుదొడ్డి రెండూ ఉన్న చోటు అడుగుదాం. వనభోజనమంటే చెట్టు కింద భోజనమే కదా, నది మధ్యలో అని ఎక్కడా లేదు.

ఒక సభ్యుడి నుంచి

తేదీకి నా సమ్మతి. కానీ మిట్టెన్‌వాల్డ్ దాకా వెళ్లి నది పుట్టిన చోటు చూడకుండా వెనక్కి దిగడం నాకు వెలితిగా ఉంది. షార్నిట్జ్ మీదుగా హింటరావుటాల్ లోయలోకి మంచి కంకర దారి ఉందని విన్నాను. అందరం అటే వెళితే బాగుంటుంది కదా, అన్నా?

దారి బాధ్యత చూస్తున్న సభ్యుడి నుంచి

వదిన గారూ, వాల్‌గావ్‌కు ఉత్తరం ఈ వారమే రాస్తాను.

తమ్ముడూ, నీ కోరిక న్యాయమైనదే. ఆ దారి నేను రెండేళ్ల క్రితం తొక్కాను, ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. షార్నిట్జ్ నుంచి నది పుట్టే చోటికి ఒక్కవైపు 13 కిలోమీటర్ల దాకా ఉంటుంది, 200 మీటర్లకు పైగా ఎక్కాలి. రాళ్ల సందుల్లోంచి, నాచు కిందినుంచి నీళ్లు చాలాచోట్ల ఊరుతూ ఉంటాయి. ఆ ఊటలన్నీ కలిసి ఒక వాగయ్యేదాకా వంద అడుగులు కూడా పట్టదు. అయినా అందరినీ అటు తీసుకెళ్లవద్దని అంటున్నాను. కొన్నిచోట్ల దారికి ఒక పక్క నది చాలా కిందుగా, లోయలో ఉంటుంది. దిగేటప్పుడు వదులు కంకర మీద ముందు బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం పక్కకు జారిపోతుంది. పదేళ్ల పిల్లలతో, మొదటిసారి కంకర మీద తొక్కుతున్న పెద్దలతో ఆ దిగుడు నాకు భయం.

రెండో సంగతి చట్టం. బవేరియాలో అనువైన అడవి దారుల మీద సైకిల్ తొక్కే హక్కు ప్రజలకు ఉంది. షార్నిట్జ్ ఆస్ట్రియాలోని టిరోల్‌లో ఉంది. అక్కడ అడవిలో ఎవరైనా నడవవచ్చు కానీ, సైకిల్‌కు మాత్రం అనుమతించిన దారులే గతి. నది పుట్టిన చోటికి వెళ్లే దారికి అనుమతి ఉంది, దాని పక్కన చీలే ప్రతి దారికీ ఉండదు. పైగా అక్కడ 12 ఏళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. సరిహద్దు దగ్గర ఎవరూ ఆపకపోవచ్చు, అయినా భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, నివాస కార్డు రెండూ వెంట ఉంచుకోవాలి.

అందుకని మధ్యే మార్గం చెబుతున్నాను. కంకర మీద బాగా అలవాటున్న ఎనిమిది మంది ముందు రోజు శుక్రవారమే వెళ్లి, నది పుట్టిన చోటు చూసి, మిట్టెన్‌వాల్డ్‌లో బస చేసి, శనివారం ఉదయం స్టేషన్‌లో మనల్ని కలుసుకోవాలి. ఆ జట్టును నడిపే బాధ్యత నువ్వే తీసుకో.

ప్రయాణ ఏర్పాట్ల నుంచి

రైలు గురించి ఒక అనుభవం చెప్పి తీరాలి. నిరుడు ఎండ బాగా కాసిన ఆదివారం నాడు మేం పన్నెండు మందిమి సైకిళ్లతో ఒకే బండి ఎక్కబోయాం. సైకిళ్ల పెట్టె అప్పటికే నిండి ఉంది. ఇద్దరు పిల్లలు లోపల, వాళ్ల అమ్మానాన్నలు ప్లాట్‌ఫారం మీద ఉండగా తలుపులు మూసుకున్నాయి. తర్వాతి స్టేషన్‌లో పిల్లలను దించి కూర్చోబెట్టిన పెద్దావిడ పేరు కూడా మాకు తెలియదు. మళ్లీ అలా జరగకూడదు. సైకిల్ టికెట్ విడిగా కొన్నా చోటుకు హామీ లేదు కనుక ఒక్కో బండికి పది సైకిళ్లకు మించకుండా, ఉదయం 6 గంటల నుంచి విడతలుగా వెళదాం. మ్యూనిక్ నుంచి మిట్టెన్‌వాల్డ్‌కు రెండు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. పిల్లలు ముందు ఎక్కడం, పెద్దలు వెనక ఎక్కడం అనే అలవాటు ఆ రోజుకు మానేసి, ప్రతి పిల్లాడి వెంట ఒక పెద్ద ఒకే తలుపులోంచి ఎక్కాలి.

సెప్టెంబరు మూడో వారానికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాయిదా వేయవద్దు. మ్యూనిక్ బీరు పండుగ అక్టోబర్‌ఫెస్ట్ మొదలైతే సాయంత్రం మ్యూనిక్ వచ్చే బండ్లలో మనుషులకే చోటుండదు.

దారి బాధ్యత చూస్తున్న సభ్యుడి నుంచి

తేదీ సెప్టెంబరు 5గా ఖాయం చేస్తున్నాను. ఎనిమిదేసి మందిని ఒక జట్టుగా చేస్తాం. ప్రతి జట్టుకు ముందు ఒకరు, అందరికన్నా చివర ఒకరు ఉంటారు. చివరివాళ్లను దాటి వెనక ఎవరూ మిగలకూడదు, ఆగినా సరే. ఫోర్డర్‌రిస్ నుంచి ఫాల్ వైపు వెళ్లేటప్పుడు మోటారు సైకిళ్లు వేగంగా వచ్చే రోడ్డును పంచుకోవాలి కనుక అక్కడ ఒకరి వెనక ఒకరే వెళ్లాలి, పక్కపక్కన మాట్లాడుకుంటూ వెళ్లడం కుదరదు. ఫాల్ దగ్గర జలాశయం మీది వంతెన నడుమ పది నిమిషాలు ఆగుదాం. 1950లలో సిల్వెన్‌స్టైన్ ఆనకట్ట కట్టినప్పుడు పాత ఫాల్ ఊరు ఆ నీళ్ల కిందికి వెళ్లిపోయింది, జనాన్ని పక్కనే కొత్త ఊరు కట్టి తరలించారు. శ్రీశైలం ముంపు ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబం మనలో ఒకటి ఉంది, ఆ పెద్దాయన అక్కడ నాలుగు మాటలు చెప్పడానికి ఒప్పుకున్నారు.

సైకిల్ విషయంలో కంకర దారుల కోసం చేసిన గ్రావెల్ సైకిలే ఉండాలని లేదు. టైరు 40 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే చాలు. రోడ్డు మీద తొక్కేటంత గట్టిగా గాలి కొట్టకండి, రాళ్ల మీద చక్రం ఎగిరెగిరి పడుతుంది. ప్రమాదం జరిగితే 112కు ఫోన్ చేయండి, కొండ రక్షణ దళం కూడా అదే నంబరు మీద వస్తుంది. పశువులు మేసే చోట గేటు తెరిచినవాళ్లే మూయాలి.

జూన్ 15 లోపు ఇక్కడే మీ పేరు, పిల్లల వయసులు, టైరు వెడల్పు, ఏ విడత బండి కావాలో రాయండి. చివరి సైకిల్‌గా ఉండడానికి ఇంకా ముగ్గురు కావాలి. పంక్చరు వేయడం వచ్చినవాళ్లయితే మరీ మంచిది.