వీడియోకు కుదింపా, సంపీడనమా?

ప్రశ్న: మాస్టారూ, మా సాహితీ సంస్థ అష్టావధానం వీడియో ఎడిటింగ్ అయిపోయింది. రెండు గంటల వీడియో ఎక్స్‌పోర్ట్ చేస్తే 18 జీబీ వచ్చింది. సైజు తగ్గించే పద్ధతిని మిగతా వాలంటీర్ల కోసం తెలుగులో రాస్తున్నాను. కంప్రెషన్‌ని కుదింపు అనాలా, సంపీడనం అనాలా? సంపీడనమే శాస్త్రీయంగా అనిపిస్తోంది.

జవాబు: వీడియోకైతే కుదింపే రాయండి. భౌతికశాస్త్రంలో సంపీడనం అంటే వాయువును ఒత్తిడితో చిన్న చోట ఇమడ్చడం. ఒత్తిడి తీసేస్తే వాయువంతా మళ్లీ విస్తరిస్తుంది, ఎక్కడికీ పోదు. జిప్ ఫైలుకు ఆ మాట నప్పుతుంది; విప్పితే పొల్లుపోకుండా తిరిగొస్తుంది. కుదించడం వేరు. పది పేజీల వ్యాసాన్ని ఎడిటర్ నాలుగు పేజీలకు కుదిస్తే పోయిన వాక్యాలు పోయినట్టే. హెచ్.264, హెచ్.265 అనే కోడెక్‌లు (వీడియోను చిన్నది చేసే పద్ధతులు) మామూలు ఎక్స్‌పోర్ట్‌లో చేసేది అదే.

ఈ తేడా మీ వాలంటీర్లకు తెలియాలి. సంపీడనం అని చదివినవాళ్లు చిన్న ఫైలు దాచుకుని అసలుది డిలీట్ చేసేస్తారు. రేపు అందులోంచి ఒక పూరణ కట్ చేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే, ఒకసారి తరిగినదే ఇంకోసారి తరుగుతుంది. అవధాని ముఖం మీద గళ్లు గళ్లుగా కనిపించేది అందుకే. ఎప్పుడు కుదించినా అసలు ఫైలు నుంచే కుదించాలి.

ఎంత తగ్గించవచ్చన్నది వేదిక మీది కదలికను బట్టి ఉంటుంది. ఎన్‌కోడర్ (వీడియోను కుదించే ప్రోగ్రాం) ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయదు. అప్పుడప్పుడూ ఒకటి పూర్తిగా రాసి, మిగతావాటిలో చాలావరకు మారినదే రాస్తుంది. అవధానంలో తెర కదలదు, బల్ల కదలదు, పృచ్ఛకులు కూర్చునే ఉంటారు. కెమెరా స్టాండు మీద ఉంటే ఇంతకంటే తేలికైన సరుకు ఉండదు. చివర్లో సన్మానం, పూలు చల్లడం వచ్చినప్పుడే బిట్లు బోలెడు ఖర్చవుతాయి. ఇంకో శత్రువు హాల్లో చీకటి. చీకట్లో ఫోను కెమెరా చేర్చే గరుకు చుక్కలు ఫ్రేము ఫ్రేముకూ మారతాయి కాబట్టి ఎన్‌కోడర్ వాటినీ కదలికగానే లెక్కేస్తుంది. కొద్దిగా డీనాయిజ్ చేస్తే, అంటే ఆ చుక్కలు తుడిస్తే, సైజు బాగా దిగుతుంది. ఎక్కువ చేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా అవుతాయి, జాగ్రత్త.

లెక్క సులువే. రెండు గంటలంటే 7,200 సెకన్లు. దాన్ని బిట్‌రేట్‌తో (సెకనుకు ఖర్చయ్యే బిట్లు), అంటే 20 మెగాబిట్లతో గుణించి 8తో భాగిస్తే మీ 18 జీబీ వచ్చేస్తుంది. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపాలంటే 2 జీబీ దాటకూడదు. 1.5 మెగాబిట్లు పెట్టుకుంటే బొమ్మకు సుమారు 1.35 జీబీ. ఇలా సైజు ముందే ఖాయమైతే సగటు బిట్‌రేట్ ఇచ్చి టూ పాస్ (ముందు ఒకసారి వీడియో అంతా పరిశీలించి, రెండోసారి కుదించడం) పెట్టండి. సైజు పట్టింపు లేకపోతే హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాంలో ఆర్‌ఎఫ్ (ఎంత కుదించాలో చెప్పే సెట్టింగు) 22 దగ్గర మొదలుపెట్టి, పూలు చల్లే నిమిషం ఒక్కటే ఎన్‌కోడ్ చేసి చూడండి. అది బాగుంటే మిగతాదంతా బాగుంటుంది.

ప్రశ్న: ఆర్‌ఎఫ్‌ని ‘నాణ్యత సంఖ్య’ అని రాశానండి. సరేనా?

జవాబు: వద్దు. ఆ సంఖ్య పెరిగితే నాణ్యత తగ్గుతుంది. నాణ్యత సంఖ్య అని రాస్తే మంచి బొమ్మ కావాలనుకున్నవాళ్లు 40 పెట్టేస్తారు. ‘తరుగు సంఖ్య’ అనండి. బంగారం కొట్లో ఆ మాట వినని తెలుగువాళ్లు ఉండరు. సంఖ్య పెరిగితే తరుగు పెరుగుతుంది, ఇక వివరణ అక్కర్లేదు. బిట్‌రేట్, కోడెక్ మాత్రం అలాగే ఉంచండి. మెనూలో వెతుక్కోవాల్సిన మాటలు అవే.

ఇంకొక్క మాట. ఆడియో తగ్గించకండి. ఏఏసీ అనే ఆడియో కోడెక్‌లో సెకనుకు 160 కిలోబిట్లు ఉంచినా రెండు గంటలకు 144 ఎంబీయే, మొత్తం కలిపినా 1.5 జీబీ దగ్గరే ఆగుతుంది. ఆడియో బాగా తగ్గిస్తే ముందు దెబ్బతినేవి శ, ష, స లాంటి ఊష్మాలు. బొమ్మ కాస్త మసకబారినా చూస్తారు గానీ, శ ఏదో స ఏదో తెలియని పద్యాన్ని ఎవరు వింటారండీ!