"సర్వముఁ దానయైన": అక్కడ "న"నా, "నె"నా? (ఊరి పేర్లతోని పిలుచుకునే సార్ల ముచ్చట)

దేవరకొండ: పోతన భాగవతం గజేంద్రమోక్షంలోని "ఎవ్వనిచే జనించు జగము" పద్యం మూడో పాదం చివర "దానయైన వాఁ" అనాల్నా, "దానెయైన వాఁ" అనాల్నా? నోటికి రెండూ వస్తున్నయి. టెన్త్ పిల్లలకు రిలేటివ్ క్లాజు చెప్పెటప్పుడు బోర్డు మీద రాద్దామని అడుగుతున్న. "వాని" అన్న ఒక్క మాటకు "ఎవ్వని", "ఎవ్వఁడు" అంటూ ఏడు గుర్తులున్నయి అందులో.

వనపర్తి: "దాన"నే సార్. తాన అంటే తానే. అతఁడ అంటే అతడే అన్నట్టు, పాత తెలుగులో అవధారణకు, అంటే నొక్కి చెప్పెటందుకు, అకారం వస్తది.

సూర్యాపేట: ఛందస్సు మాత్రం తేల్చదు. ఉత్పలమాలలో ఆరో గణం రగణం. దా-న-యై అన్నా, దా-నె-యై అన్నా గురువు, లఘువు, గురువే. యతి కూడా ఆ అక్షరం మీద పడదు.

నల్లగొండ: అక్షరం అట్లుండనీయండి. పోతన ఎవ్వఁడు-వాఁడు కట్టు ఎందుకు పట్టిండో చూడండి. కోసిన కాయ, కోసిన కత్తి, కోసిన మనిషి: మూడింట్లో "కోసిన" ఒక్కటే. కాయను కోసిండ్రు, కత్తితో కోసిండ్రు, మనిషి కోసిండు. క్రియాజన్య విశేషణంలో విభక్తి మాయమైతది, వినెటోడే పూరించుకోవాలె. ఇంగ్లీషు ఊరుకోదు, "ది నైఫ్ విత్ విచ్ హి కట్ ఇట్" అని "విత్" పలికి తీరాలె. పోతన మొదటి ముక్కను "జగము జనించువాఁడు" అని మార్చితే పుట్టేది జగమా, వాడా? చే, లోపల, అందు అన్న మూడూ నిలవాలంటే ఎవ్వఁడే గతి. అదే పద్యంలో "తానయైన వాఁడు" దగ్గర వాడే కర్త, పోయే విభక్తి లేదు, అందుకే అక్కడ "ఐన" అని ధైర్యంగా వేసిండు.

సూర్యాపేట: అది పోతన ఎంపిక అని ఎట్లంటరు సార్? సంస్కృత భాగవతం మూలమే "యస్మిన్నిదం యతశ్చేదం యేనేదం య ఇదం స్వయమ్". ఆ యత్తచ్ఛబ్దాలే, అంటే ఎవడు-వాడు మాటలే, తెలుగులోకి దిగినయి. "తం ప్రపద్యే స్వయంభువమ్" అన్నదే "వాని నాత్మభవు... శరణంబు వేడెదన్" అయింది.

వనపర్తి: కట్టు మనది కాదనకండి. "ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతరు" ఏ సంస్కృతం? ఇంకోటి, మూలంలో "స్వయమ్" ఉన్నదంటే అవధారణ తప్పదు, అంటే నా "తాన" నిలిచినట్టే.

సూర్యాపేట: "తానె"లో మాత్రం అవధారణ లేదా?

పాలమూరు: దేవరకొండ సార్, ఈ పద్యం రాస్తే ఒక ప్రమాదం ఉన్నది. ఎవ్వఁడు-వాఁడు వరుసలోనే పిల్లలు "హూ కేమ్ యెస్టర్డే, హి ఈజ్ మై అంకుల్" అని రాస్తరు. ముందు నామవాచకం పెట్టించండి, దాన్ని ఆనుకొనే క్లాజు: "ది మాన్ హూ కేమ్ యెస్టర్డే ఈజ్ మై అంకుల్". "ది బుక్ విచ్ ఐ బాట్ ఇట్"లో "ఇట్" కొట్టేయించండి, "విచ్" ఆ పని చేసేసింది. "నేను పుట్టిన ఊరు"లో మనం మింగిన "లో" ఇంగ్లీషులో "ఇన్ విచ్"గానో, "వేర్"గానో బయటికి రావాలె.

కామా కూడా మన దగ్గర లేని సంగతే. పిల్లలమర్రి అంటే మా పాలమూరోళ్లకు మర్రిచెట్టు, అదే పేరుతోని సూర్యాపేట దగ్గర కాకతీయుల గుళ్లున్న ఊరు కూడా ఉన్నది. ఏ పిల్లలమర్రో తేల్చాలంటే "ది పిల్లలమర్రి దట్ ఈజ్ నియర్ సూర్యాపేట", కామా వద్దు. ఏదో తెలిసినంక అదనపు ముచ్చట చెప్తే "పిల్లలమర్రి, విచ్ ఈజ్ నియర్ సూర్యాపేట," అని రెండు పక్కలా కామాలు. అక్కడ "దట్" నడవదు. తెలుగులో రెండిటికీ "సూర్యాపేట దగ్గరున్న పిల్లలమర్రి" అనే అంటం.

సూర్యాపేట: పిల్లలమర్రి అనంగనే శృంగార శాకుంతలం రాసిన పినవీరభద్రుడు యాదికొస్తడు. "వాణి నా రాణి" అన్నాయనకు ఇంటిపేరే గుర్తు, క్లాజు అక్కర్లేదు!

నల్లగొండ: ఆయన దాకా ఎందుకు, "అనాదిమధ్యలయుఁడు" చూడండి. మొదలు, నడుమ, తుది లేనోడని ఒక్క సమాసంలో పోతన కుదించిండు. ఇంగ్లీషులో చెప్పాలంటే విప్పాల్సిందే: "హి హూ హాజ్ నో బిగినింగ్, మిడిల్ ఆర్ ఎండ్". పిల్లలతోని ముందు ఈ ఒక్క సమాసం విప్పించండి, "హూ" ఎక్కడ కూసుంటదో వాళ్లకే దొరుకుతది. చే, అందు ఉన్న పాదాలు ఆ తర్వాతి రోజుకు.