‘డు వన్?’ అన్నాడా, ‘డజ్ వన్?’ అన్నాడా: ఫ్యాట్స్ వాలర్ ఊతపదం

అరసున్న: ఒక వాక్యం పట్టుకుని వదలడం లేదు. అమెరికా జాజ్ పియానో వాద్యకారుడు, గాయకుడు ఫ్యాట్స్ వాలర్ ‘యువర్ ఫీట్స్ టూ బిగ్’ (నీ పాదాలు మరీ పెద్దవి) చివర, పాటంతా అయ్యాక, నింపాదిగా ఒక మాట విసిరిపోతాడు కదా, ‘వన్ నెవర్ నోజ్...’ (ఎవరికి తెలుసు) అని. ఆ తరవాత ‘డజ్ వన్?’ అంటాడా, ‘డు వన్?’ అంటాడా? నా చెవిలో ‘డజ్’ ఉంది. మా తమ్ముడు ‘డు’ అని పందెం కాస్తున్నాడు. ఆ ఒక్క అక్షరం తేల్చి పుణ్యం కట్టుకోండి.

డెబ్భైఎనిమిది: ‘డు’. 1939 రికార్డు, నా దగ్గర ఉంది. అన్నట్టు ఆ పాట వాలర్ కట్టింది కాదు, అడా బెన్సన్, ఫ్రెడ్ ఫిషర్‌లది. చివరి మాట మాత్రం అచ్చంగా వాలర్ సొత్తు.

శకటరేఫ: ‘డు’ సరే. దాన్ని వెంటనే చమత్కారం ఖాతాలో వేసెయ్యకండి. న్యూయార్క్‌లోని హార్లెమ్ పేట నల్లవాళ్ల ఇంగ్లీషులో ప్రథమపురుష ఏకవచనానికి ఆ సకారం ఉండితీరాలన్న నియమం లేదు. ‘హీ డు’, ‘షీ డు’ వాళ్ల వ్యాకరణం. పుట్టి పెరిగిన వీధిలో మాట అలాగే మాట్లాడాడు.

యడాగమం: అలాగైతే ‘నోజ్’లో సకారం ఎక్కణ్ణుంచి ఊడిపడింది మాస్టారూ? మాండలికమే అయితే ‘వన్ నెవర్ నో’ అనాలి. ఆయన దొరల పద్ధతిలో మొదలెట్టి, ఆఖరి అడుగులో కావాలని జారాడు. ‘వన్’ అనే కర్తను చూడండి, కోటూ టై వేసుకున్న కర్త. దాని పక్కన ‘డు’ వచ్చి కూర్చోవడమే హాస్యం. సంస్కృతపు మాటకి తెలుగు మాట అంటగట్టే మన వైరిసమాసం లాంటిదే.

శకటరేఫ: వైకల్పికం అనే మాట చిన్నయసూరి ఊరికే వాడలేదు. ఒకే మనిషి ఒకే ఊపిరిలో ఒకచోట ఉంచుతాడు, ఇంకోచోట తీసేస్తాడు. బతికున్న భాషలన్నిట్లో జరిగేదే.

కలువాయి: ఇద్దరూ ఆ వాక్యానికి ముందున్నది వదిలేశారు. కాళ్లు అనాల్సిన చోట ‘పెడల్ ఎక్స్‌ట్రెమిటీస్’ అంటాడు. ‘నీ చరణప్రాంతములు దుస్సహములు’ అన్నంత బరువుగా. ఆ ఎత్తు నుంచి ‘డు’ మీదికి దూకితేనే నవ్వు. పైగా పాట పేరే ‘ఫీట్ ఈజ్’. బహువచనానికి ఏకవచన క్రియ. అక్కడ పాదాలకు ఎక్కువైన సకారం తెచ్చి ఇక్కడ ‘డు’కి తగిలిస్తే లెక్క సరిపోతుంది.

యడాగమం: కలువాయి గారికి ఒక వీరతాడు.

డెబ్భైఎనిమిది: మీరంతా అక్షరం చూస్తున్నారు, రికార్డింగు గది చూడటం లేదు. 1934లో ‘ఫ్యాట్స్ వాలర్ అండ్ హిజ్ రిథమ్’ పేరుతో చిన్న బృందం మొదలైన దగ్గర్నుంచీ విక్టర్ కంపెనీ చేతికిచ్చినవాటిలో సగం నాసిరకం పాటలు. పబ్లిషర్లు తోసినవి. హెర్మన్ ఆట్రీ బాకా, ఆల్ కేసీ గిటారు, జీన్ సెడ్రిక్ శాక్సఫోన్ పక్కన పెట్టుకుని, పాడుతూనే ఆ సాహిత్యాన్ని వెక్కిరించేవాడు. ఆ ముక్తాయింపు మాటలన్నీ పాట మీద ఆయన రాసిన వ్యాఖ్యానం అనుకోండి. పియానో దగ్గర మాత్రం వెక్కిరింత లేదు. 1929 ఆగస్టులో ఒక్కడే కూర్చుని వాయించిన ‘ఐంట్ మిస్‌బిహేవింగ్’ వినండి, ఎడమచేయి గడియారంలా నడుస్తుంది. ఇంకా వెనక్కి, 1926లో కామ్డెన్‌లో కంపెనీ కొన్న పాత చర్చిలో పైప్ ఆర్గన్ మీద ‘సెయింట్ లూయీ బ్లూస్’ వాయించాడు. దేవుడి వాయిద్యం మీద జాజ్. వాలర్ తండ్రి చూస్తే దైవబోధ చేసే మనిషి!

అరసున్న: చాలా సంతోషం. ‘డు’ హాస్యమా, యాసా?

పాతనగరం: తెలుగులో పెట్టి చూస్తే తేలిపోతుంది. ‘తమరు వస్తావా?’ అన్నట్టుంది. కర్తకు మర్యాద, క్రియకు లేదు.

కలువాయి: కుదరదండీ. ‘తమరు వస్తావా’లో ఎదుటివాడి పరువు పోతుంది. వాలర్ ‘వన్’ ఎదుటివాణ్ణి ఏమీ అనదు, ఎవరినీ ఉద్దేశించదు. ‘మానవుండెరుంగునా? తెలుసుద్దా ఆడికి?’ అంటే కొంత దగ్గర.

పాతనగరం: ‘తెలుసుద్దా’ కృష్ణా గుంటూరు వాళ్లకే నవ్వు. మాకు అది మామూలు తప్పులా వినిపిస్తుంది.

శకటరేఫ: చూశారా! మీ చెవికి తప్పు, వాళ్ల నోటికి మాట. నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే. వాలర్ ‘డు’ను మనం హాస్యం అంటున్నామంటే మన చెవి ఏ ఊరిదో చెబుతున్నామంతే.

యడాగమం: ‘ఐంట్ మిస్‌బిహేవింగ్’ సాహిత్యం ఆండీ రజాఫ్‌ది, వాలర్‌ది కాదు. ‘ఐంట్’ వీధిమాట, ‘మిస్‌బిహేవింగ్’ బళ్లో పంతులమ్మ మాట. రెండిటినీ ఒకే వాక్యంలో అంటుగట్టినవాడు రజాఫ్. వాలర్‌కి ఆ రుచి తగిలింది అక్కణ్ణుంచే అంటాను.

డెబ్భైఎనిమిది: రజాఫ్ అంటే పూర్తి పేరు తెలుసా? ఆండ్రియమనంతెన రజఫింకరెఫొ. మడగాస్కర్ రాణి రణవలొన బంధువర్గం. రజాఫ్ తల్లికి తండ్రి అక్కడ అమెరికా కాన్సల్, ఆయన ఇంటిపేరు కూడా వాలర్! మన ఫ్యాట్స్‌తో చుట్టరికం లేదు లెండి. పాటలకు ముందు పత్రికల్లో పద్యాలు రాశాడు. అందుకే యతి చెడదు.

కలువాయి: రజాఫ్ మాట వస్తే ‘బ్లాక్ అండ్ బ్లూ’ వదిలి ముందుకెళ్లలేం. 1929లో ‘హాట్ చాకొలెట్స్’ అనే రంగస్థల ప్రదర్శన కోసం. వరస వాలర్, హారీ బ్రూక్స్‌లది. ఆ ‘బ్లూ’ కమిలిన దెబ్బా, దిగులా? నా మటుకు నాకు రెండూ. నల్ల ఒంటి మీద కమిలిన దెబ్బ కనబడదు, బాధ అదే.

పాతనగరం: మనకు ఆ చిక్కే లేదు, నల్లకలువ అన్నా నీలోత్పలం అన్నా ఒకటే. ‘నల్లనివాడు పద్మనయనంబులవాడు’ అని పోతన అంటే గోపికలు మల్లెపొదలన్నీ వెతికారు.

కలువాయి: అది భాగవతంలో. పెళ్లిసంబంధాల ప్రకటనల్లో వెతకండి.

యడాగమం: రంగస్థలం మీద పాట గొడవా అదే. ఈడిత్ విల్సన్ పాడినప్పుడు ముందు ఒక చరణం ఉంది: చామనఛాయవాళ్లకూ పచ్చనివాళ్లకూ మగవాళ్లు దొరుకుతారు, నాకు లేడు అని. నల్లవాళ్లలో నల్లపిల్ల ఏడుపు. ఆ ఏడాది జులైలో జాజ్ బాకా విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేస్తూ ఆ చరణం ఎత్తేశాడు. పాట జాతి మొత్తానిదైపోయింది. 1952లో వచ్చిన రాల్ఫ్ ఎలిసన్ నవల ‘ఇన్విజిబుల్ మ్యాన్’ మొదట్లో కథకుడు వినేది ఆ రికార్డునే.

శకటరేఫ: ఎత్తెయ్యని పాదం మాటేమిటి? ‘ఐమ్ వైట్ ఇన్‌సైడ్’. లోపల తెలుపే అని ఎందుకు చెప్పుకోవాలి?

యడాగమం: వెంటనే దానివల్ల లాభం లేదని కూడా అంటాడు కదా! వ్యంగ్యం. పైగా డచ్ షుల్జ్ అనే గూండా, ఆ ప్రదర్శనకు డబ్బు పెట్టినవాడు, నల్లపిల్ల కష్టాల మీద నవ్వులాటగా ఒక పాట రాయమని బెదిరిస్తే రాశానని రజాఫే చెప్పుకున్నాడు. తుపాకీ ముందు అంతకన్నా ఏం రాస్తాడు?

శకటరేఫ: వ్యంగ్యం అనడానికి ఆ పాదంలో ఒక్క అక్షరం చూపించండి. ‘డు’లో చూపించారుగా.

కలువాయి: అక్షరంలో ఉండదు మాస్టారూ, ఆర్మ్‌స్ట్రాంగ్ ‘ఇన్‌సైడ్’ దగ్గర గొంతు ఎక్కడ ఎత్తాడో వినండి.

శకటరేఫ: విన్నాను. ఎత్తలేదు.