మగవే లేని ట్రైకోగ్రామాను కొత్త జాతిగా ఎలా వర్ణించాలి?

వరి కాండం తొలుచు పురుగు గుడ్ల నుంచి వచ్చిన పరాన్న కందిరీగ ఇది. కార్సైరా (బియ్యపు చిమ్మట) గుడ్ల మీద మూడు తరాలు పెంచినా అన్నీ ఆడవే. మామూలుగా జతకట్టని ఆడది మగవాటినే కనాలి, కాబట్టి పురుగు కణాల్లో ఉండి ఆడవే పుట్టేలా చేసే వోల్బాకియా బాక్టీరియా మీదే అనుమానం. ట్రైకోగ్రామాలో జాతిని తేల్చేది ముఖ్యంగా మగ జననాంగాలే; చిక్కంతా అక్కడే. తేనెలో ఆ బాక్టీరియాను అణచే టెట్రాసైక్లిన్ మందు కలిపి పెడితే మగవి పుట్టొచ్చు. అలా పుట్టినదాన్ని హోలోటైపుగా (కొత్త జాతి పేరుకు ఆధారమయ్యే ఒకే ఒక్క నమూనాగా) పెట్టడం సబబేనా?

స్లైడు కోసం ఒంటిని తేటపరచడానికి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడవుతుంది. అందుకే పురుగును నలపకుండా ముందే ప్రొటీన్లను కరిగించే ఎంజైము ప్రొటీనేజ్‌-కె తో డీఎన్‌ఏ తీసి, జాతిని గుర్తుపట్టడానికి వాడే దాని భాగం ఐటీఎస్‌2 చదివించి, మిగిలిన పెంకును కెనడా బాల్సం అనే పారదర్శక జిగురులో స్లైడు చేయాలని ఆలోచన. అర మిల్లీమీటరు పురుగును ఆ ఎంజైములో ఎన్ని గంటలు నానబెడితే జననాంగాలు చెదరవు? చేసి చూసినవారు దయచేసి చెప్పండి.