తూర్పు జర్మనీ స్పార్టకియాడ్: పిల్లలకు అవకాశమా, పతకాల కోసం పట్టిన జల్లెడా?

మైదానం:
1990 దాకా విడి దేశంగా ఉన్న తూర్పు జర్మనీ పేరెత్తితే అందరూ డోపింగ్ దగ్గరే, అంటే ఆటగాళ్లకు మందులిచ్చిన సంగతి దగ్గరే ఆగిపోతారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. 1965లో అక్కడ పిల్లల కోసం స్పార్టకియాడ్ అనే ఆటల పోటీలు మొదలుపెట్టారు. ముందు బడిలో పోటీలు, గెలిస్తే జిల్లాకు, ఆపైన రాష్ట్ర స్థాయికి, చివరకు రెండేళ్లకోసారి దేశమంతటికీ ఫైనల్స్. మారుమూల బడిలో వేగంగా పరుగెత్తే పిల్ల కూడా ఎవరో ఒకరి కంట పడేది. సుమారు కోటీ 70 లక్షల జనాభా ఉన్న దేశం 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 40 స్వర్ణాలతో అమెరికాను దాటింది. ఇదంతా మందుల మహిమేనంటే నేను ఒప్పుకోను.

నీటిగీత:
మైదానం గారూ, కంట పడ్డాక ఏం జరిగేదో కూడా చెప్పండి. 1970ల నుంచి బడి పిల్లల ఎత్తు, బరువు కొలిచి, పరుగెత్తించి, బంతి విసిరించి, ఎవరు ఏ ఆటకు పనికొస్తారో పెద్దవాళ్లే తేల్చేవారు. పిల్లకు ఏ ఆట ఇష్టమన్నది తర్వాతి మాట. పశ్చిమ జర్మనీలో దగ్గరి బంధువులుంటే ఎంత బాగా ఆడినా క్రీడా పాఠశాలలో సీటు కష్టమే. 1969లో ఇంకో నిర్ణయం తీసుకున్నారు. బాస్కెట్‌బాల్, వాటర్ పోలో లాంటి వాటికి పెద్ద ఎత్తున డబ్బు ఆపేశారు. జట్టు మొత్తాన్ని పెంచితే వచ్చేది ఒక్క పతకం, అదే ఈతలో ఒక్క అమ్మాయి నాలుగు తెస్తుంది. లెక్క అంత సూటిగా ఉంది. పిల్లల కోసమే అయితే ఆ ఆటలేం పాపం చేశాయి?

మైదానం:
ఎంపిక అనేది ఎక్కడ లేదండీ? మన హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌లోనూ నాలుగో తరగతికి ఎత్తు, బరువు చూసి, పరుగు, లాంగ్‌జంప్ పెట్టే తీసుకుంటారు. దాన్ని తప్పనం కదా. మందులిచ్చిన వాళ్లు వేరు, పోటీలు నడిపిన వాళ్లు వేరు.

నీటిగీత:
వేరు కాదండీ, నా బాధంతా అక్కడే. దేశ క్రీడా సంస్థకు అధిపతి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్. స్పార్టకియాడ్ ఆ సంస్థ కిందే నడిచింది. 1974లో డోపింగ్ ప్రభుత్వ రహస్య పథకంగా మారినప్పుడూ పైన ఉన్నది ఆయనే. 2000లో బెర్లిన్ కోర్టు ఆయనను దోషిగా తేల్చింది, శిక్ష మాత్రం 22 నెలలు, అదీ సస్పెండ్ చేసి.

రీకా రైనిష్ సంగతి చూడండి. ఈ ఈతగత్తె 1980 మాస్కో ఒలింపిక్స్‌లో వెల్లకిలా ఈదే (బ్యాక్‌స్ట్రోక్) పోటీల్లో, రిలేలో కలిపి మూడు స్వర్ణాలు గెలిచింది. వయసు 15. కోచ్ చేతిలో పెట్టే చిన్న నీలం మాత్రలను విటమిన్లనుకుని మింగింది. అవి మగ హార్మోన్ తరహా స్టెరాయిడ్లు. తర్వాత అండాశయాలు దెబ్బతిని, పదహారేళ్లకే ఈత మానేయాల్సి వచ్చింది. ఇంట్లోవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

బడి స్థాయి పోటీలు మంచివే, అక్కడ మీతో ఒప్పుకుంటాను. హకీంపేటతో పోలిక మాత్రం కుదరదు. ఇక్కడ పిల్లాడికి ఏ మాత్ర ఇస్తున్నారని తండ్రి వెళ్లి అడగొచ్చు, జవాబు రాకపోతే పేపర్‌కెక్కొచ్చు, కోర్టుకెళ్లొచ్చు. అక్కడ రైనిష్ తల్లికి ఆ దారుల్లో ఒక్కటీ లేదు.